రెండువేల ఏడువందల బాకీ, ఆరు లక్షల తనఖా

చిన్న బాకీల గురించి మన సంఘంలో పెద్దగా మాట్లాడుకోం. మన ధర్నాలన్నీ రుణమాఫీ, గిట్టుబాటు ధర, మామిడి రేటు చుట్టూనే తిరుగుతాయి. అయితే ఈమధ్య వడమాలపేట, పుత్తూరు వైపు నుంచి కాగితాలు పట్టుకొని వచ్చే రైతుల్లో చాలామంది చెప్పేది ఒకే మాట: "అన్నా, సిబిల్‌లో పడిందంట, లోన్ రాదంట." బాకీ ఎంతని అడిగితే వెయ్యి, రెండువేలు, మూడువేలు. అదీ రైతు ఒప్పుకోని బాకీ.

మా పక్క ఊరి రైతు సంగతే చూడండి. ఆయన పేరు, బ్యాంకు పేరు ఇక్కడ అక్కరలేదు. వేరుశనగ మీద 90,000 పంట రుణం తీసుకున్నాడు. పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే అందులో 3 శాతం కేంద్రం భరిస్తుంది, రైతు మీద పడేది 4 శాతమే. ఆయన గడువులోపే అసలూ వడ్డీ కట్టేశాడు, రసీదు ఉంది. బ్యాంకు లెక్కలో మాత్రం ఆ జమ గడువు దాటాక ఎక్కింది. రాయితీ పోయిందని తేడా 2,700 రూపాయలు ఆయన ఖాతాలో రాసుకున్నారు. ఆ సంగతి ఆయనకు చెప్పిన నాథుడు లేడు. తీరిపోయిందనుకున్న అప్పు తీరలేదు, ఏళ్లు గడిచి మొండి బకాయిగా మారింది.

రెండు బోర్లు ఎండిపోయి, బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 6 లక్షలు మెడకు చుట్టుకున్నాయి. ఇల్లు బ్యాంకులో తనఖా పెట్టి ఆ అప్పు తీర్చేద్దామనుకున్నాడు. ఈసీ తీశాడు, లీగల్ ఒపీనియన్‌కు డబ్బు కట్టాడు, ఇంటికి విలువ కట్టించాడు. చివరికి పాత బకాయి ఉందని ఫైలు వెనక్కి వచ్చింది. బయటి వడ్డీ నెలకు 12,000. బ్యాంకు తనఖా అప్పు రూపాయి వడ్డీకి దొరికినా నెలకు 6,000 అయ్యేది. అంటే ఒప్పుకోని 2,700 కోసం ఆ ఇంటి నుంచి నెలనెలా ఆరువేలు పోతున్నాయి.

అంత చిన్న మొత్తానికి ఇంత శిక్షా అంటే, బాకీ ఎంత అన్నది చాలాచోట్ల లెక్కలోకే రాదు. ఎగవేత అన్న గుర్తు ఉందా లేదా, అంతే. సిబిల్ అంటే ప్రభుత్వ ఆఫీసు కాదు, కంపెనీ. 2005 చట్టం కింద ఇలాంటివి నాలుగున్నాయి. బ్యాంకు ఏది పంపితే అది రాసుకుంటాయి, దాన్నిబట్టి 300 నుంచి 900 లోపు మార్కులు వేస్తాయి. ఇన్ని మార్కులు ఉండాల్సిందేనని రిజర్వు బ్యాంకు చెప్పలేదు. ఆ గీత ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు గీసుకున్నదే.

2014 నాటి రుణమాఫీ మరో చిక్కు. 50,000 లోపు అప్పులు ఒకేసారి, ఆపైన లక్షన్నర దాకా అయిదు విడతల్లో తీరుస్తామన్నారు. నాలుగు, అయిదు విడతలు చాలామందికి చేరలేదు. ప్రభుత్వం మాట నమ్మి ఆగినవాళ్ల ఖాతాల్లో వడ్డీ పెరిగింది. ఆ బాకీ మాట ఇచ్చినవాళ్లదా, సంతకం పెట్టిన రైతుదా? మనం ఎన్నయినా వాదించుకోవచ్చు, బ్యాంకు రికార్డులో ఉండేది రైతు పేరే.

"వాదన ఎందుకు, ఆ నాలుగువేలు కట్టేయండి, పోతుంది" అని మేనేజర్లు సలహా ఇస్తారు. పోదు. కట్టినా, ఇన్నాళ్లు కట్టలేదన్న చరిత్ర అలాగే ఉంటుంది. తగ్గించి కట్టించుకుంటే 'సెటిల్డ్' అని రాస్తారు. అది 'క్లోజ్డ్' కాదు, తర్వాత అప్పు ఇచ్చేవాడు దాన్నీ అనుమానంగానే చూస్తాడు. 'రిటన్ ఆఫ్' అని ఉంటే మాఫీ అయిందని మనవాళ్లు సంబరపడతారు. అది బ్యాంకు తన లెక్కల్లో సర్దుకోవడమే, రైతు మీద బాకీ అలాగే ఉంటుంది. తప్పు బ్యాంకుదైతే రికార్డు దిద్దించాలి. డబ్బు కట్టి ఊరుకుంటే తప్పు మనదని ఒప్పుకున్నట్టే అవుతుంది.

అప్పు ఇచ్చేవాడు పాత చరిత్ర చూడకూడదని నేననను. నాలుగుచోట్ల తీసుకొని నాలుగుచోట్లా ఎగ్గొట్టేవాళ్లు మనలోనూ ఉన్నారు. కానీ ఉద్దేశపూర్వక ఎగవేతదారులతో కూడా బ్యాంకులు రాజీ పడవచ్చని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకే అనుమతించింది. రాజీ అయిన 12 నెలలకు వాళ్లకు కొత్త అప్పు ఇవ్వడానికీ దారి ఉంచింది. కోట్లు ఎగ్గొట్టినవాడికి ఏడాది, రసీదు చేతిలో ఉన్న రైతుకు ఇన్నేళ్లా?

మనం అడగాల్సింది ఒకటుంది. రైతు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పిన బాకీని, బ్యాంకు రాతపూర్వకంగా జవాబు చెప్పేదాకా ఎగవేతగా పంపకూడదు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం ఎగవేత వివరాలు పంపేటప్పుడు మెసేజ్ ఇస్తే చాలు. మన ఫోన్ నంబర్లు ఎన్నిసార్లు మారాయో లెక్కుందా? ఇంటికి తెలుగులో ఉత్తరం రావాలి. అప్పు ఇవ్వకపోతే కారణం కాగితం మీద ఇవ్వాలి. జిల్లా బ్యాంకర్ల సమావేశంలో మన సంఘం ఈ సంగతి ఎత్తాలి.

అంతదాకా ఉన్న దారినైనా వాడుకుందాం. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తనఖాకు వెళ్లేముందే, ఈసీకీ లీగల్‌కీ డబ్బు పోయకముందే, అది తీసి చూడండి. తప్పుంటే బ్యాంకుకు, ఆ కంపెనీకి ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, వివరాలకు 14448 నంబరు. నోటిమాట ఫిర్యాదు మాత్రం వద్దు. కాగితం రెండు కాపీలు రాసి, మన కాపీ మీద బ్యాంకు సీలు, తేదీ వేయించుకోండి. ఆ 30 రోజుల లెక్క అడగాలంటే చేతిలో ఆ తేదీ ఉండాలి.