కిల్వాను కట్టింది అక్కడి జనమే

సంపాదకులు గారికి,

గత ఆదివారం అనుబంధంలో టాంజానియాలోని కిల్వా కిసివాని ద్వీపం గురించి వచ్చిన వ్యాసం చదివి ఒళ్లు మండింది. ‘అడవి జనం మధ్య అరబ్బులు నిలబెట్టిన నగరం’ అని శీర్షిక పెట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి?

పలాసలో మేం ఒలిచే జీడిగింజల్లో కొంత ఆ దేశం నుంచే వస్తుంది. కొనుగోలు పని మీద ఆ తీరానికి వెళ్లినప్పుడు, కిల్వా మసోకోలో పడవెక్కి ద్వీపం చూసొచ్చాం. పెద్ద మసీదు దగ్గర ఆ ఊరి మేస్త్రీ ఒకాయన గోడ రాలిన చోట సున్నం మెత్తుతున్నాడు. ఆ గోడ రాయి సముద్రంలోంచి తీసిన పగడపు రాయి అట. తడి మీద మెత్తగా తెగుతుంది, గాలి తగిలితే గట్టిపడుతుంది. సున్నమూ పగడాన్ని కాల్చి చేసిందే. దగ్గరగా చూస్తే రాతి నిండా జల్లెడలా సన్నటి కన్నాలు. పైకప్పులకు మడచెట్ల దుంగలు వేసేవారట. దుంగ అందినంతే గది వెడల్పు. అందుకే అక్కడి పాత ఇళ్లలో గదులు ఇరుకుగా, పొడవుగా ఉంటాయి.

ఆయన ఇంత ఓపికగా చెబుతుంటే, నాతో వచ్చిన వ్యాపారి ‘‘వీళ్ల మొహాలకు ఇంత కట్టడమా? ఎవరో బయటివాళ్లు కట్టి పోయుంటారు’’ అని నవ్వాడు. మాట తెలియకపోయినా మేస్త్రీకి ఆ నవ్వు అర్థమైంది. తాపీ కింద పెట్టి పక్కకు వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు అదే మాట మీరు అచ్చేశారు.

పర్షియాలోని షిరాజ్ నుంచి వచ్చిన రాజకుమారుడు బట్టలిచ్చి ద్వీపాన్ని కొన్నాడనేది పాత కథ. 1960లలో పురావస్తు పరిశోధకుడు నెవిల్ చిట్టిక్ తవ్వించినప్పుడు రాతి కట్టడాల కంటే ముందటి తడికెల, మట్టిగోడల ఇళ్లు, స్థానిక కుండలు బయటపడ్డాయి. 1331లో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా ఊళ్లో ఎక్కువమంది నల్లవారేనని రాశాడు. పర్షియా నుంచి వచ్చిన మగవాళ్లు ఆ తీరంలో పెళ్లిళ్లు చేసుకున్నారని 2023 నాటి జన్యు పరిశోధన చెప్పింది, నిజమే. అల్లుళ్లు వచ్చారని ఊరు వాళ్లదైపోతుందా? సోఫాలా రేవు బంగారంతో బేరమాడి, చైనా పింగాణీ తెప్పించుకుని, సొంత నాణేలు ముద్రించుకున్న ఊరది!

ఫొటో కూడా తప్పే. సుల్తాన్ అల్ హసన్ బిన్ సులైమాన్ కట్టించిన హుసుని కుబ్వా మేడ అని కింద రాసి, పైన ఒడ్డున ఉన్న గెరెజా కోట బొమ్మ వేశారు. అసలు మీ పత్రికలో ఆఫ్రికా అంటే కరువు, కొట్లాటలు, సింహాలు. ఆ ఖండంలో తాపీ పట్టిన చెయ్యి ఒక్కటీ మీకు కనబడదా?

యునెస్కో 1981లోనే ఆ శిథిలాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. వచ్చే ఆదివారం, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. లోపలి పేజీలో మూల రెండు వాక్యాలు వేస్తే ఒప్పుకోను.

— ఒక జీడిపప్పు వ్యాపారి, పలాస