తల గోక్కునేవారి తరఫున ఒక మాట

మన కళాశాలలో ఉద్యమాలకు కొదవ లేదు. మెస్ బిల్లు పెరిగితే సమ్మె, హాల్ టికెట్లు ఆలస్యమైతే ఊరేగింపు. కాని నోరు మెదపకుండా బాధపడే వర్గం ఒకటి మన మధ్యనే ఉంది. వారికి సంఘం లేదు, జెండా లేదు. నల్ల చొక్కా కొనాలంటే జంకేవారు, వెనకవాళ్ళు భుజాలు చూస్తారని చివరి బెంచీకి పోయేవారు, ఇంటర్వ్యూ గదిలో మాడు దురద పెడుతున్నా చెయ్యెత్తలేక బిగబట్టుకొని కూర్చునేవారు - వీరే ఆ వర్గం. చుండ్రు పీడితులు! నవ్వొచ్చిందా? ఆ నవ్వే ఈ వ్యాసానికి కారణం.

చుండ్రు కనిపించగానే "వీడు తల రుద్దుకోడు" అని తీర్పు చెప్పేస్తాం. అది శుద్ధ తప్పు. మలసీజియా అనే ఈస్టు జాతి సూక్ష్మజీవి ఇంచుమించు మనుషులందరి చర్మం మీదా కాపురం ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ షార్ల్ మలసే 1874లో దీనిని చుండ్రు పొట్టులో గుర్తించాడు కనుక ఆయన పేరే దానికి నిలిచింది. మాడులో ఊరే జిడ్డే దీని ఆహారం. ఆ జిడ్డును విడగొట్టి, తనకు కావలసింది తిని, ఓలియిక్ ఆమ్లం వంటివి మిగులుస్తుంది. అవి కొందరి చర్మానికి పడవు. పడనిచోట దురద పుడుతుంది, చర్మకణాలు తొందరపడి పుట్టి, తొందరగా పొట్టులై రాలుతాయి. యుక్తవయస్సులో జిడ్డు గ్రంథులు చురుకౌతాయి కనుక ఈ బాధ సరిగ్గా కాలేజీ ఈడులోనే మొదలౌతుంది. పెద్దవాళ్ళలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగిలేదే. చలికాలంలోనూ, పరీక్షల దిగులులోనూ ఎక్కువౌతుంది. దువ్వెన వల్ల అంటుకునే జబ్బు కాదిది. ఇందులో మురికి ఎక్కడుంది? సిగ్గెందుకు?

ఇక వైద్యం సంగతి. ఇంటికి ఉత్తరం రాస్తే "తలకి నూనె పెట్టటం లేదురా, అందుకే" అని అమ్మ జవాబు. ఆ ప్రేమను కాదనలేం గాని, నూనె పొట్టును మెత్తబరిచి తాత్కాలికంగా కప్పెడుతుందే తప్ప జబ్బును కుదర్చదు. రూమ్మేటు నిమ్మరసం రుద్దమంటాడు; గోకి గోకి పుండైన మాడు మీద అది నిప్పులా మండుతుంది. కుంకుడుకాయ జిడ్డు వదలగొడుతుంది, మంచిదే. కాని ముదిరిన చుండ్రుకు అదొక్కటే చాలదు. కొందరు వారానికో కొత్త రకం షాంపూ మారుస్తారు. తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా?

ఇక్కడే మన అసలు పొరపాటు ఉంది. "షాంపూ" అన్న మాట ఇంగ్లీషువాళ్ళు మన హిందీ నుంచి పట్టుకుపోయినదే. మర్దనా చేయటం, నొక్కటం దాని మూలార్థం. 1980 తర్వాత చిన్న పొట్లాల్లో ఊరూరా కిళ్ళీకొట్టుకు చేరి అది తలంటి సరుకైంది. ఆ అలవాటు కొద్దీ మందు షాంపూను కూడా సబ్బులాగే చూస్తున్నాం. నెత్తిన పోసుకోవటం, నురగ రాగానే బకెట్టు నీళ్ళు కుమ్మరించుకోవటం, రెండోనాడు అద్దంలో చూసుకొని "ఏం లాభం లేదు" అని సీసాను మూల పారెయ్యటం. అది మందండీ! మందుకు మోతాదు ఉంటుంది, వేళ ఉంటుంది, పథ్యం ఉంటుంది.

మందుల షాపులో సీసా వెనక సన్నటి అక్షరాలు చదవండి. కీటోకొనజోల్, సెలీనియం సల్ఫైడ్, జింక్ పైరిథియోన్ - ఇవి ఈస్టును అణిచేవి. శాలిసిలిక్ ఆమ్లం పొట్టును ఊడదీస్తుంది. బొగ్గు తారు కణాల తొందరను తగ్గిస్తుంది. 2 శాతం కీటోకొనజోల్ అయితే వెంట్రుకలకు కాదు, మాడుకు పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఆగి కడగాలి. వారానికి రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు. తగ్గాక కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతుండాలి. ఎందుకంటే ఈస్టు పూర్తిగా ఖాళీ చేసిపోయే అద్దెదారు కాదు. ఒకటి గుణం ఇవ్వకపోతే మరొకటి ప్రయత్నించవచ్చు.

అతితెలివీ పనికిరాదు. షాంపూ పనిచేసింది కదా అని అదే మందును మాత్రగా మింగకూడదు. కీటోకొనజోల్ మాత్రలు కాలేయానికి ముప్పని 2013లో యూరప్, అమెరికా ఔషధ సంస్థలు రెండూ హెచ్చరించాయి. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ లేపనం పులమటమూ ప్రమాదమే. నెల రోజులు సరిగా వాడినా తగ్గకపోయినా, జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడినా, వెండిరంగు పొలుసులు మందంగా కట్టి నుదుటి మీదికి దిగినా, చీము పట్టినా అది మామూలు చుండ్రు కాకపోవచ్చు. సొరియాసిస్ కావచ్చు, తామర కావచ్చు. చర్మవైద్యుని వద్దకు పోవలసిందే.

విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. ఎన్నికల కరపత్రాలకు పెట్టే ఖర్చులో పదోవంతుతో ఈ నాలుగు ముక్కలూ అచ్చు వేయించి హాస్టలు నోటీసు బోర్డుల మీద అంటించండి. ఆడపిల్లల హాస్టలును మరవకండి. పొడుగు జడ వెనక దురదను దాచుకొని, ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చేవారు అక్కడే ఎక్కువ. లెక్చరర్లకు ఒక మనవి: క్లాసులో తల గోక్కునేవాణ్ణి చూసి "జవాబు అక్కడుందా నాయనా?" అని హాస్యమాడకండి. క్లాసంతా నవ్వుతుంది, నిజమే. వాడు మాత్రం మర్నాడు క్లాసుకు రాడు.

ఐదు నిమిషాల ఓపికతో అదుపులోకి వచ్చే బాధ కోసం ఒక కుర్రవాడు మూడేళ్ళు చివరి బెంచీలో కూర్చోవటం అన్యాయం. వాణ్ణి ముందు బెంచీకి పిలవండి.