ఒక్క రాత్రికైతే సరే

2007 డిసెంబరు 10న లండన్‌లోని ఓ-టూ అరీనాలో లెడ్ జెప్పెలిన్ మళ్ళీ కలిసి వాయించింది. ఇరవై వేల మందికైనా చోటు చాలని ఆ కచేరీకి టిక్కెట్లు కావాలంటూ రెండు కోట్ల అర్జీలు వచ్చాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ మర్నాటి నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: మరి ఊరూరా ఎప్పుడు తిరుగుతారు? గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఒప్పుకోలేదు. గిటారు వాయించే జిమ్మీ పేజ్‌కు మనసుంది. వేరే గాయకులతో ప్రయత్నాలూ జరిగాయి గాని అవి సాగలేదు. ప్లాంట్ చెప్పిన ఆ "వద్దు"ను నేను చాలా ఏళ్ళు జెండాలా మోసుకు తిరిగాను. వయసు మళ్ళిన రాక్ బృందాలు మళ్ళీ కలవవచ్చునా అని ఎవరైనా వాదనకు దిగితే, ప్లాంటును చూసి నేర్చుకోమనేవాణ్ణి. ఇప్పుడంత ధీమాగా అనలేను. ఆ ధీమా ఎక్కడ సడలిందో చెప్పుకుందామనే ఈ టపా.

నాకీ సంగీతం పరిచయమైంది హాస్టలు గదిలో. ఎవరి దగ్గరి నుంచో ఎవరో ఎక్కించుకున్నదాన్ని మరెవరో ఎక్కించుకోగా, చివరికి నా చేతికొచ్చిన కాసెట్టు అది. పాటల కంటే ముందు టేపు గీర వినపడేది. ఆ గీరను చీల్చుకుంటూ జాన్ బోనమ్ డ్రమ్ములు మోగేవి. అప్పటికే ఆయన లేడు. 1980 సెప్టెంబరు 25న, 32 ఏళ్ళకే పోయాడు. అదే డిసెంబరులో మిగిలిన ముగ్గురూ ఇక కొనసాగలేమని ప్రకటించేశారు. అంటే నేను వినడం మొదలుపెట్టేసరికే ఆ బృందం ముగిసిపోయింది. ముగిసిపోయినవాటిని ప్రేమించడంలో ఒక సుఖముంది. అవి మనల్ని నిరాశపరచవు.

నిరాశ తరువాత, దృశ్యరూపంలో వచ్చింది. 1985 జూలై 13న ఫిలడెల్ఫియాలో జరిగిన లైవ్ ఎయిడ్ సభలో ఆ ముగ్గురూ వేదికెక్కారు. బోనమ్ స్థానంలో ఒకరికి ఇద్దరు డ్రమ్మర్లు. వారిలో ఫిల్ కాలిన్స్ అదే రోజు లండన్‌లో పాడి, కాంకార్డ్ విమానంలో అట్లాంటిక్ దాటి వచ్చాడు. ప్లాంట్ గొంతు బొంగురు, పేజ్ గిటారు శ్రుతి తప్పింది, ఎవరి లయ వారిది. 2004లో లైవ్ ఎయిడ్ డీవీడీలు విడుదలైనప్పుడు తమ భాగాన్ని చేర్చడానికి జెప్పెలిన్ వాళ్ళే సమ్మతించలేదు. అది చూసిన రోజు, నాకేదో సొంత నష్టం జరిగినట్టు కోపం తెచ్చుకున్నాను. అప్పటి నుంచే నాది "కలవకూడదు" పక్షం.

అయితే ఒక చిన్న లెక్క నేను ఎన్నడూ వేయలేదు. ఆ అపశ్రుతుల నాటికి ప్లాంట్ వయసు 36, పేజ్ వయసు 41. ఇరవై రెండేళ్ళ తరువాత, 59, 63 ఏళ్ళ వయసులో, వాళ్ళే లండన్‌లో సభను ఊపేశారు. మరి వయసును బోనెక్కించడమెలా? 2007లో వాళ్ళు వారాల తరబడి సాధన చేశారు. పేజ్ వేలు విరిగితే కచేరీని రెండు వారాలు వాయిదా వేశారు. కొన్ని పాటలను శ్రుతి దించి, ఉన్న గొంతుకు తగ్గట్టు పాడారు. వచ్చింది తమను పైకి తెచ్చిన అహ్మత్ ఎర్టెగన్ అనే పెద్దాయన స్మృతిలో. అన్నిటికంటే ముఖ్యం, డ్రమ్ముల వెనుక కూర్చున్నది బోనమ్ కొడుకు జేసన్. తండ్రి పోయేనాటికి పద్నాలుగేళ్ళవాడు.

డబ్బు కోసమే కలుస్తారన్నది పాత ఎత్తిపొడుపు. సెక్స్ పిస్టల్స్ వాళ్ళు 1996లో మళ్ళీ బయలుదేరినప్పుడు ఆ యాత్రకు "పాపపు సొమ్ము" అన్న అర్థమొచ్చే పేరే పెట్టుకుని ఎత్తిపొడిచేవాళ్ళకు పని లేకుండా చేశారు! నాకు డబ్బు మీద అభ్యంతరం లేదు. పాట కట్టినవాడికి ఇంట్లో కూర్చున్నా రాయల్టీ వస్తుంది. డ్రమ్ములు వాయించినవాడి సంగతి వేరు. ద స్మిత్స్‌లో డ్రమ్మర్ మైక్ జాయిస్‌కు పదోవంతే ఇస్తూ వచ్చారు. నాలుగోవంతు కోసం అతను లండన్‌లో హైకోర్టుకెక్కి 1996లో గెలిచాడు. అలాంటివారికి మళ్ళీ కలవడమంటే ఆలస్యంగానైనా అందే కూలి. మనం కళ గురించి గంభీరంగా మాట్లాడుకునేటప్పుడు ఈ కూలి మాట మరచిపోతాం.

నా అభ్యంతరం ఇప్పుడు ఒక్కదాని మీదే మిగిలింది. అది యాత్ర. పోలీస్ అన్న ముగ్గురి బృందం 2007, 2008లలో నూటయాభై దాకా కచేరీలు చేసింది. కొత్త ఆల్బమ్ ఒక్కటీ రాలేదు. అవే పాటలు, ఇంచుమించు అదే వరుస, దీపాలు ఎక్కడ వెలగాలో అక్కడే వెలగడం. మొదటి రాత్రి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించేవాళ్ళు నూరో రాత్రికి ఏం చూస్తారు? అదే కాలంలో ప్లాంట్ ఏం చేస్తున్నాడంటే, అలిసన్ క్రౌస్ అనే గాయనితో జెప్పెలిన్‌కు ఏ పోలికా లేని మెత్తని పాటలు పాడుతున్నాడు. ఆ ఆల్బమ్‌కు 2009లో గ్రామీవారి ఉత్తమ ఆల్బమ్ పురస్కారం దక్కింది. ఆ "వద్దు" బెట్టు కాదన్నమాట; ఆయనకు వేరే పని ఉంది. అరవై దాటిన సంగీతకారుడి చేతిలో మిగిలిన రెండేళ్ళు పాత పాటలకే పోతే, పుట్టకుండా పోయే పాటల లెక్క ఎవరు చూస్తారు?

ఇక బ్లాక్ సబ్బాత్ కథ. వాళ్ళు 2017 ఫిబ్రవరిలో సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లోనే వీడ్కోలు పలికారు. ఆ వీడ్కోలులో తొలినాటి డ్రమ్మర్ బిల్ వార్డ్ లేడు, ఒప్పందం దగ్గర పొత్తు కుదరక. నలుగురు మొదలుపెట్టినదాన్ని ముగ్గురు ముగించారు. 2025 జూలై 5న, అదే ఊళ్ళో, తాము పెరిగిన ఆస్టన్‌లోని విలా పార్క్ మైదానంలో నలుగురూ మళ్ళీ వచ్చారు. ఓజీ ఆజ్బోర్న్‌కు 76 ఏళ్ళు, పార్కిన్సన్స్ జబ్బు. నిలబడలేక నల్లని సింహాసనం మీద కూర్చుని పాడాడు. గొంతు అక్కడక్కడా తడబడింది. వెనుక వార్డ్, 77 ఏళ్ళవాడు. నలుగురూ కలిసి వాయించినవి నాలుగే పాటలు. రాబడి పార్కిన్సన్స్ పరిశోధనకూ, పిల్లల ఆసుపత్రికీ, పిల్లల హాస్పిస్‌కూ. పదిహేడు రోజులకు, జూలై 22న, ఓజీ వెళ్ళిపోయాడు.

ఆ నాలుగు పాటలూ చూస్తూ నేను అపశ్రుతులు వెతకలేదు. లైవ్ ఎయిడ్ నాడు ప్లాంట్ నుంచి నేను కోరింది హాస్టలు కాసెట్టులోని కుర్రవాణ్ణి. ఓజీ నుంచి ఎవరూ దాన్ని కోరలేదు, ఆయనా నటించలేదు. ఒక రాత్రికి మనిషి తన వయసుతోనే వేదికెక్కవచ్చు. నలభై ఊళ్ళ యాత్రకు మాత్రం రాత్రికో కుర్రవాణ్ణి అమ్మిచూపాలి.

ఈ వాదానికి 2025లోనే ఒక చిల్లు పడిందని ఒప్పుకోక తప్పదు. జూలై 4న, సబ్బాత్ కచేరీకి సరిగ్గా ముందు రోజు, పదహారేళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్న గాలగర్ అన్నదమ్ములు కార్డిఫ్‌లో చేయీ చేయీ పట్టుకుని వచ్చి ఒయాసిస్ యాత్ర మొదలుపెట్టారు. నలభై ఒక్క కచేరీలు, బాగానే పాడారంటున్నారు. బ్రిటన్‌లో సుమారు 150 పౌండ్లనుకున్న టిక్కెట్టు వరసలో నిలబడ్డవాళ్ళ కళ్ళెదుటే 350 దాకా ఎగబాకిన వైనం వేరే టపాకు సరిపోతుంది. అయినా ఆ బృందం విడిపోయిన 2009లో అక్షరాలు దిద్దుకుంటున్న పిల్లలు ఇప్పుడు మైదానంలో ప్రతి పాటా పాడుతుంటే, వద్దనడానికి నేనెవర్ని?

ప్లాంట్, పేజ్‌లు మళ్ళీ ఒక రాత్రికి కలుస్తారా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. 2007 నాటి కచేరీ 2012లో సినిమాగా వచ్చింది, డిస్కు నా దగ్గరుంది, అది చాలునంటాను. రేపు నిజంగానే కలిస్తే టిక్కెట్టు కోసం ఆ రెండు కోట్లమందిలో నేనూ ఉంటానా అంటారా? ఉంటాను. దానికీ పై వాదానికీ సంబంధం లేదు.