నూట నలభయ్యారు కిలోల గురువు

కిందటి నెలలో ఒక శనివారం ఉదయం, వరసకు తమ్ముడయ్యే కుర్రవాడొకడు ఫోను చేశాడు. చదువు ముగించుకొని ఇక్కడే కాలిఫోర్నియాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. "అన్నా, మోటారుసైకిలు కొంటున్నాను. లీటరు బండి. నువ్వు చాలా ఏళ్ళనుంచి నడుపుతున్నావు కదా, ఒకసారి వచ్చి చూసిపెడతావా?" అని అడిగాడు. ఇంతకుముందు ఏమి నడిపావురా అంటే, ఇంటర్మీడియెట్ రోజుల్లో నాన్నగారి స్కూటరు అన్నాడు. మాటల మధ్యలో నా బండి ఎన్ని సీసీలో చెప్పవలసి వచ్చింది. మూడువందల తొంభై ఎనిమిది అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "ఇన్నేళ్ళుగా ఇక్కడుండి అంతేనా అన్నా!" అన్నాడు చివరకు, పాపం, నన్ను నొప్పించకూడదని ప్రయత్నిస్తూనే.

ఆ క్షణాన సరైన జవాబు తట్టలేదు. సమయానికి నోటికి రాని జవాబులే తరువాత రాతలోకి వస్తాయి కాబోలు. ఇది ఆ జవాబు.

నా బండి సూపర్‌మోటో జాతికి చెందినది. ఆ మాట వినని వారికోసం దాని పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెబుతాను. మట్టిగుట్టలమీద గంతులు వేసే మోటోక్రాస్ వీరుడు, గుండ్రటి మట్టిబరిలో పక్కకు జారుతూ తిరిగే ఫ్లాట్‌ట్రాక్ వీరుడు, తారుబాటమీద మోకాలు నేలకు రాసుకుంటూ పోయే రోడ్‌రేసు వీరుడు. ఈ ముగ్గురిలో ఎవరు ఘనులు? ఇది తేల్చడానికి 1979లో గావిన్ ట్రిప్ అనే పందేల నిర్వాహకుడు, ఏబీసీ టెలివిజను కోసం, ఈ కాలిఫోర్నియాలోనే కార్ల్స్‌బాడ్‌లో ఒక పోటీ ఏర్పాటు చేశాడు. సూపర్‌బైకర్స్ అని దాని పేరు. బరిలో కొంత తారు, కొంత మట్టి. 1985 దాకా నడిచి ఆగిపోయింది. అయితే పుట్టింటివారు మరచిపోయిన పిల్లను అత్తింటివారు నెత్తిన పెట్టుకున్నట్టు, ఐరోపావారు, అందునా ఫ్రెంచివారు, ఈ క్రీడను అక్కున చేర్చుకొని సూపర్‌మోటార్డ్ అని పిలుచుకున్నారు. 2002 నుంచి దానికి ప్రపంచస్థాయి పోటీలు మొదలయ్యాయి.

బండి స్వరూపం సులభం. మట్టిలో పోయే బండికి ఉన్న పెద్ద చక్రాలు తీసేసి పదిహేడంగుళాల చక్రాలు, వాటికి రోడ్డు టైర్లు తొడిగి, ముందుచక్రానికి పెద్ద బ్రేకు పళ్ళెం బిగిస్తే సూపర్‌మోటో అవుతుంది. నాది సుజుకీ డీఆర్‌జడ్ 400 ఎస్ఎమ్. ఈ నమూనా 2005లో వచ్చింది. ఒకటే సిలిండరు, నీటితో చల్లబడే ఇంజను, అయిదు గేర్లు, కార్బురేటరు. శక్తి నలభై గుర్రాలకు ఒకటి తక్కువ. పెట్రోలుతో, ఆయిలుతో సహా తూకం 146 కిలోలు. 2025లో ఇంధన ఇంజెక్షనుతో, ఏబీఎస్‌తో దీని వారసురాలు వచ్చింది. కేటీఎమ్ వారి 390 ఎస్ఎంసీ ఆర్ కూడా ఆ ఏడాదిదే. కనుక ఈ జాతి అంతరించిపోతున్నదని ఎవరూ బెంగపెట్టుకోనక్కరలేదు.

మనవాళ్ళు బండి గొప్పతనాన్ని బరువుతోనూ చప్పుడుతోనూ కొలుస్తారు. ఊళ్ళో బుల్లెట్టు ఉన్నవాడికున్న గౌరవం వేరు. ఆ గౌరవాన్ని నేను కాదనను. కానీ అదే ఊళ్ళో 1985 తరువాత మరో బండి వచ్చింది. యమహా ఆర్ఎక్స్ 100. తొంభై ఎనిమిది సీసీలు, పదకొండు గుర్రాల శక్తి, నూరు కిలోల చిల్లర బరువు. 1996లో దాని తయారీ ఆగిపోయినా ఇప్పటికీ దానికోసం వెతికి, అసలుధరకు ఎన్నో రెట్లు పోసి కొనుక్కునేవారున్నారు. ఎందుకు? అది అంత శక్తిమంతమైనదనా? కాదు. చేయి తిప్పితే ఆలోచనతో పాటే కదిలేది గనుక. తేలికదనంలోని సుఖం మనకు తెలియనిది కాదు, మరచిపోయామంతే. మా తమ్ముడికి నేను మొదట చెప్పవలసిన మాట ఇదే.

ఇక అసలు వాదానికి వస్తాను. నేటి లీటరు బండి మొదటి గేరులోనే గంటకు తొంభై మైళ్ళు దాటగలదు. కాలిఫోర్నియాలో ఎంత పెద్ద రహదారిమీదనైనా అనుమతించే గరిష్ఠ వేగం డెబ్భై. అంటే మిగిలిన అయిదు గేర్లూ కొన్నవాడి ఊహలోనే తిరుగుతుంటాయి. వేగం రెండింతలైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుందని మనం తొమ్మిదో తరగతిలోనే చదువుకున్నాం. పెద్దబండి తప్పుల్ని దాచిపెడుతుంది. మలుపులో నిదానించినా, తప్పు గేరులో ఉన్నా, దాని శక్తి ఆ లోపాన్ని కప్పేస్తుంది. దాచిన తప్పులన్నీ పోగుపడి ఒకనాడు వడ్డీతో సహా బయటపడతాయి. తేలికబండి అలా కాదు. తప్పు చిన్నదిగా ఉన్నప్పుడే చెబుతుంది. మలుపులోకి రావలసినదానికంటే నెమ్మదిగా వచ్చావా, బయటికి పోయేటప్పుడు అది నీరసంగా మూలుగుతుంది. బ్రేకు మొరటుగా పట్టావా, ముందు ఫోర్కు ముక్కు దించి చీవాట్లు పెడుతుంది. అందుకే దీన్ని గురువన్నాను.

ఐరోపాలో ఈ సంగతిని చట్టంలోనే రాసుకున్నారు. అక్కడ పద్దెనిమిదేళ్ళవాడికి దొరికే ఏ2 లైసెన్సుతో ముప్ఫై అయిదు కిలోవాట్లకు మించిన బండి నడపరాదు. రెండేళ్ళ అనుభవం గడిచాకే పైమెట్టు. అమెరికాలో అటువంటి మెట్లు లేవు. నిన్న పరీక్ష పాసైనవాడు ఇవాళ రెండువందల గుర్రాల బండిమీద ఇంటికి పోవచ్చు. చట్టం పెట్టని మెట్టును మనమే పెట్టుకోవాలని నా అభిప్రాయం.

అయితే చిన్నబండి గనుక క్షేమమని నేను చెబితే అబద్ధమవుతుంది. ఈ జాతి బండ్లకు ఒక దుర్గుణం ఉంది. అవి అల్లరికి రెచ్చగొడతాయి. ముందుచక్రం లేపమంటాయి, వెనకచక్రం జారవిడవమంటాయి. ఆ మాట విన్నవాణ్ణి గనుకనే చెబుతున్నాను.

కొన్నేళ్ళ కిందట స్టాక్టన్ దగ్గర కార్టు పందేల బాటమీద ఒకరోజంతా నడిపి, వెనకచక్రాన్ని జార్చుకుంటూ మలుపులోకి దిగే విద్య కాస్త పట్టుబడిందని మురిసిపోతున్నాను. తరువాతి ఆదివారం వుడ్‌సైడ్ పైనున్న స్కైలైన్ కొండదారిలో, రెడ్‌వుడ్ చెట్ల నీడలో, కుడిమలుపు ఒకటి కనబడగానే చేయి ఊరుకోలేదు. రెండు గేర్లు దించి, వెనకబ్రేకు నొక్కాను. పందెపుబాట రోజూ ఊడ్చిన వాకిలి వంటిది. కొండదారి అడవిది. చెట్ల ఆకులు రాలి, పొగమంచుకు తడిసి నేలకు అంటుకొని ఉన్నాయి. వెనకచక్రం నేననుకున్నంత జారి ఆగలేదు. దాన్ని సర్దబోతే బండి ఒక్కసారి లేచి నిలబడి, మలుపు తిరగకుండా నేరుగా పోయింది. నేను పసుపుగీతకు ఎడమవైపున, ఎదుటివారి బాటలో ఉన్నాను. అక్కడ గడిపింది రెండు సెకన్లు. ఎవరూ రాలేదు. పక్కకు తీసి ఇంజను ఆపి, హెల్మెట్టు తీసుకొని కూర్చున్నాను. నిమిషం తిరగకుండానే ఆ మలుపులోంచి ఇద్దరు సైకిలు తొక్కేవాళ్ళు వచ్చారు. తండ్రి, పదేళ్ళ కూతురు. ఆ పిల్ల నన్ను చూసి చేయి ఊపింది. నేను తిరిగి చేయి ఊపలేకపోయాను.

ఆనాటినుంచి నాకొక నియమం. జారుడు విద్యలన్నీ బరిలోనే. రోడ్డుమీద నా గీతలో నేను, నా సగంశక్తిలో నేను. బాటమీద తప్పుచేస్తే నా మోచేయి గీరుకుంటుంది. రోడ్డుమీద తప్పుచేస్తే ఆ ఖరీదు చెల్లించేది వేరొకరు. ఈ తేడా తెలియనివాడికి సూపర్‌మోటో లీటరు బండికన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు.

బరిమాట వచ్చింది గనుక దాని ఆనందమూ చెప్పాలి. సూపర్‌మోటో సవారీ చూడడానికి వింతగా ఉంటుంది. రోడ్‌రేసువాడు తాను లోపలికి వేలాడి బండిని నిటారుగా ఉంచుతాడు. మేము అందుకు విరుద్ధం. బండిని లోపలికి తోసి, సీటు బయటి అంచుమీద నిటారుగా కూర్చొని, బయటి మోచేయి పైకెత్తి, లోపలి కాలు ముందుకు చాపుతాము. ఆ కాలు ఊతకోసం కాదు. నేలమీద బరువు మోపితే మోకాలు తిరిగిపోతుంది. బరిలోకి దిగేముందు అద్దాలు తీసేయాలి, దీపాలకు పట్టీ అంటించాలి, ఆయిలు మరకు ఊడిపోకుండా సన్నతీగ చుట్టాలి. రేడియేటరులో గ్లైకాలు ఉన్న కూలెంటు తీసి నీళ్ళు పోయాలి, ఎందుకంటే అది బాటమీద ఒలికితే వెనక వచ్చేవాడు జారిపడతాడు. ఈ నియమాలలో సగం మనకోసం కావు, వెనక వచ్చేవాడికోసం. నాకు అది బాగా నచ్చింది.

బండి బాగోగులు స్వయంగా చూసుకోవడం సవారీలో సగం అని నా రెండో వాదన. ఈ బండి ఆయిలు ఇంజను అడుగున కాక ఫ్రేము గొట్టంలో ఉంటుంది. చల్లటి ఇంజనుతో కొలపుల్ల చూస్తే తక్కువున్నట్టు కనబడుతుంది. అది నమ్మి మరింత పోస్తే ఎక్కువవుతుంది. ఇంజను వేడెక్కేదాకా నడిపి, ఆపి, కొన్ని నిమిషాలాగి చూడాలి. ఆయిలు ఫిల్టరును తిరగేసి పెడితే ఆయిలు అందక ఇంజను మాడిపోతుంది. కవాటాల సందు గాలి పీల్చేవైపు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు, పొగ వదిలేవైపు 0.20 నుంచి 0.30. ఫీలర్ గేజి పట్టుకొని అది చూసుకునే మధ్యాహ్నం నాకు ధ్యానంతో సమానం.

గొలుసు సంగతి చాలామంది పొరబడేది. వెనకచక్రం పైకీ కిందికీ ఊగే దూరం ఈ బండికి ఎక్కువ. ముందు పళ్ళచక్రం, స్వింగార్మ్ కీలు, వెనక ఇరుసు ఈ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు గొలుసు అత్యంత బిగువుగా ఉంటుంది. నిలబెట్టినప్పుడు వదులుగా కనబడిందని బిగించేస్తే, గుంతలో పడిన మొదటిసారే ఆ లాగుడంతా గేరుపెట్టె బేరింగుమీద పడుతుంది. వదులు కూడా ఒక కొలతే.

ఒకసారి ముందు పళ్ళచక్రం మార్చి, నట్టు బిగించి, దానికింది వాషరు అంచును మడవడం మరచిపోయాను. పదిరోజుల తరువాత గొలుసు తుడుస్తుంటే నట్టు వేలితో తిరిగింది. తప్పు ఎవరిదని వెతకనక్కరలేకపోయింది. పానా పట్టింది నేనే, మరచిపోయిందీ నేనే. దుకాణంలో చేయించి ఉంటే నాకు తెలిసేదే కాదు. తుడిచే అలవాటే నన్ను కాపాడింది. ఇదే జాతిలో పందేలకే పుట్టిన 450 సీసీ బండ్లున్నాయి. అవి మరింత తేలిక, మరింత చురుకు. కానీ వాటి ఆయిలు లెక్క మైళ్ళలో కాదు, గంటల్లో. రోజూ ఆఫీసుకు పోయేవాడికి అవి తగవు.

నా బండి లోపాలు నేనే చెప్పకపోతే మా ఇంట్లోవాళ్ళు చెబుతారు. సీటు చెక్కబల్ల. దాని ఎత్తు 890 మిల్లీమీటర్లు, మన సగటు ఎత్తువాడికి మునివేళ్ళే అందుతాయి. పెట్రోలు టాంకు పది లీటర్లు. పెద్దరోడ్డుమీద గాలి గుండెలమీద కూర్చుంటుంది. మా ఆవిడ ఒకే ఒక్కసారి వెనక కూర్చుంది, దిగి ఒక్కమాటా అనలేదు. ఆ మౌనానికి మించిన విమర్శ నేనింతవరకు చదవలేదు.

తమ్ముణ్ణి లీటరు బండి చూడడానికి కాక, మా ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు. నా బండికి ఆయిలు వాడిచేతనే మార్పించాను. తరువాత, ముందు భద్రతా శిక్షణ తరగతికి వెళ్ళు, ఆ తరువాత ఒకరోజు బరిలో నా బండి నడుపు, అప్పటికీ లీటరు బండే కావాలంటే నేనే వచ్చి చూసిపెడతానని చెప్పాను. సబ్బుతో చేతులు కడుక్కుంటూ వాడు, "తోలు దుస్తులు ఎక్కడ దొరుకుతాయన్నా?" అని అడిగాడు.

బండికంటే ముందు దుస్తులు అడిగాడు. దీన్ని సగం గెలుపుగానే లెక్కవేసుకుంటున్నాను. మిగిలిన సగం వాడిది.