చేప పిల్లల లెక్క సరే, చెరువు నీళ్ల సంగతేంటి?

చెరువులో తెల్లారేసరికి చేపలు తేలితే ఊళ్లో మొదట వినిపించే మాట ‘ఎవరో మందు కలిపారు’. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. చాలాసార్లు మాత్రం నెలల తరబడి చెరువులో కలుస్తున్న మురుగే అసలు కారణం.

మన వరంగల్ చుట్టూ చెరువులకు కొదవ లేదు. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నాటివి. అడవి అంచున ఉన్న ఆ నీళ్లు వేరు, పట్నం పక్క చెరువుల నీళ్లు వేరు. భద్రకాళి చెరువులో కాలనీల మురుగు చేరడం, గుర్రపుడెక్క పరుచుకోవడం మనం కళ్లారా చూసినవే. చివరికి 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి నీళ్లన్నీ వదిలేయాల్సి వచ్చింది.

ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా మంచి చెరువులోనూ ఉంటుంది. చేప బలంగా ఉన్నంత కాలం ఒంటి మీది జిగురు పొర దాన్ని లోపలికి రానివ్వదు. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే బొచ్చె, రోహు బాగా పెరుగుతాయి. 3కు దిగితే మేత ముట్టవు, నీరసిస్తాయి. మురుగు, కోళ్ల పెంట, కుళ్లిన ఆకు ఎక్కువైతే వాటిని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, నీటిలోని ప్రాణవాయువును అదే లాగేస్తుంది. రాత్రిపూట నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. దానికి అమ్మోనియా తోడైతే మొప్పలు దెబ్బతింటాయి. ఆ తర్వాతే ఒంటి మీద ఎర్ర మచ్చలు, చీలిన రెక్కలు, ఉబ్బిన పొట్టలు.

అప్పుడు మనం దుకాణానికి పరుగెత్తుతాం. ఏదో ఒక యాంటీబయాటిక్ తెచ్చి చెరువులో పోస్తాం. అది నీటికి ప్రాణవాయువును ఇవ్వదు, మురుగును ఆపదు. పైగా మందుకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. ఆ చేపను తినేదీ, ఆ తూము కింద నాట్లేసేదీ మనమే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకం చేపల పెంపకంలో నిషేధమన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది. మంచిదే. ఎన్ని పిల్లలు వచ్చాయని లెక్క అడుగుతున్నాం, ఎదిరించి అడగాల్సిందే కూడా. కానీ వదిలే రోజు నీళ్లెలా ఉన్నాయని అడిగేవాళ్లేరి? చేపలు మత్స్యశాఖవి, చెరువు నీటిపారుదల శాఖది, మురుగు మున్సిపాలిటీది. చేపలు చచ్చిన రోజు నష్టం మాత్రం మత్స్యకార సంఘానిది!

మన తప్పూ ఉంది. పురుగుమందు కొట్టిన పంపులు చెరువులోనే కడుగుతున్నాం. అది మానాలి. చేయి మోచేతి దాకా ముంచి చూడండి. అంతకు ముందే అరచేయి కనబడకుండా పోతే నీళ్లు మరీ చిక్కబడ్డట్టే. ఆ రోజు మేత ఆపండి, పెంట వేయకండి, వీలైతే కొత్త నీళ్లు పెట్టండి. జబ్బు చేప దొరికితే పారేయకుండా మంచులో పెట్టి మత్స్యశాఖ కార్యాలయానికి తీసుకెళ్లండి. చచ్చినవాటిని గట్టుకు దూరంగా సున్నం వేసి పూడ్చండి.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇది: పిల్లలు వదిలే ముందు ప్రతి చెరువు నీటినీ పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయాలి. శుద్ధి చేయని మురుగు చెరువులోకి రాకుండా ఆపాలి. మురుగుతో చేపలు చస్తే మత్స్యకార సంఘానికి పరిహారం ఇవ్వాలి. వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానంగా పెట్టాలని సంఘం శాఖలను కోరుతున్నాం.