రెండు ఫర్లాంగుల రన్‌వే

తాడేపల్లిగూడెమునకు రెండవ ప్రపంచ సంగ్రామము విడిచిపోయిన ఆస్తి యొకటి కలదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వైచి తీరవాసులకు నిద్ర లేకుండ చేసిన ఆ యుద్ధకాలమున, నేడు ఉల్లిపాయల వ్యాపారమునకు పేరుపొందిన యీ ఊర, ఆంగ్ల ప్రభుత్వమువారు సైనిక విమానములు దిగుటకు ఒక బాట పరచిరి. యుద్ధము ముగిసినది, విమానములు లేచిపోయినవి, పరచిన నేల మాత్రము పడియున్నది. గూడెమువారు దానిని రన్‌వే అనియే వ్యవహరింతురు. తెల్లవారుజామున నడకకు వచ్చు పెద్దలును, కారు తోలుట నేర్చుకొను కుర్రవాండ్రును దానిని వాడుకొనుచుందురు గాని, ఆ పేరులోని పరుగు ఎవరిదో తలచుకొనువారు తక్కువ.

ఈ నేలకు మరల విమానయోగము పట్టవచ్చునని 2024 నుండి వినుచున్నాము. కుప్పము, దగదర్తి, శ్రీకాకుళము, నాగార్జునసాగరము, ఒంగోలు, తుని-అన్నవరములతో పాటు తాడేపల్లిగూడెము పేరును గూడ రాష్ట్రప్రభుత్వము కొత్త విమానాశ్రయముల పరిశీలనలో చేర్చినది. అది వచ్చునో రాదో, వచ్చినచో ఎన్నటికి వచ్చునో తేల్చుట నా పని కాదు. అంతవరకు ఆ బాటలో రెండు ఫర్లాంగుల మేర, ఆదివారము ఉదయము ఆరు గంటలు మొదలు తొమ్మిదింటి వరకు, రేడియోతో నడిపించు నమూనా విమానములకు విడువుడని మాత్రమే నా విన్నపము.

బొమ్మ విమానములకు ప్రభుత్వభూమి యేల యని అడుగువారుందురు. బొమ్మ యను మాటను అంత చులకనగా వాడరాదని వారికి మనవి. 1871లో పారిసు నగరమందలి తుయిలెరీ ఉద్యానవనమున అల్ఫోన్సు పెనో అను యువకుడు, మెలిపెట్టిన రబ్బరుపట్టీ తప్ప మరి యే శక్తియు లేని చిన్న విమానమును పదునొకండు సెకనుల సేపు గాలిలో నిలకడగా నడిపించెను. ఆ పెనో కల్పించినదే మరియొక రబ్బరుపట్టీ బొమ్మ, నిట్టనిలువుగా పైకి లేచునది, 1878లో ఒక బిషప్పుగారు ఊరినుండి వచ్చుచు తన కుమారులకు కొని తెచ్చిరి. ఆ కుమారుల పేర్లు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. పాతికేండ్ల పిదప, 1903 డిసెంబరు 17న, వారేమి చేసిరో లోకమెరుగును.

తీగ లేకుండ దూరమునుండి యంత్రమును నడిపించు విద్య మాత్రము ఆకాశమున గాక నీటియందు పుట్టినది. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికోలా టెస్లా ఒక చిన్న పడవను రేడియో సంకేతములతో నీటితొట్టిలో త్రిప్పి చూపెను. కొల్లేటి సరస్సు గాలి పీల్చి పెరిగినవాడను గనుక, విమానముకన్న పడవకే యీ అగ్రతాంబూలము దక్కుట నాకు లోలోపల సంతోషము. ఆ విద్య నీటినుండి గాలికెక్కుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టినది. 1937లో అమెరికాలో వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవలసోదరులు 'గఫ్' అను నమూనా విమానమును రేడియోతో నడిపిరి. అది నేడు స్మిత్సోనియన్ సంస్థవారి విమాన ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

విమానము తేలికగా నుండవలెను, తేలికయైనది గట్టిగా నుండదు. ఈ రెంటి తగవు తీర్చుటయే యీ విద్యలో సగభాగము. పాశ్చాత్యులు దక్షిణ అమెరికా అడవులలో పెరుగు బాల్సా కర్రను వాడిరి. మా బాల్యమున బాల్సా పేరైనను వినలేదు గాని మాకు జీలుగుబెండు ఉండెడిది. చిత్తడినేలలలో నీటిలో నిలిచి పెరుగు ఆ మొక్క కాండమే వధూవరుల నుదుట కట్టు బాసికమునకు ఆధారము, అదియే వల తేలుటకు జాలరులు అంచున గట్టు బెండు. గడ్డము గీసికొను బ్లేడుతో పలుచని రేకులుగా కోసి, అన్నపుమెతుకులతో అతికించి మేము చేసిన గాలివాట విమానములు ఏలూరు కాలువగట్టునుండి విసరగా, నావి తరచుగా నీటిలోనే దిగెడివి. బెండు గనుక మునుగవు. కాని తడిసి ఉబ్బిన రెక్క మరునాటికి అప్పడమువలె వంకరపోయెడిది.

ఇప్పటి పిల్లలకు అంతకన్న మేలైన ముడిసరకు మా ప్రాంతమున దారిప్రక్కనే దొరకును. కొల్లేటి చెరువులనుండి ఎగుమతియగు చేపలకు మంచుతో వాడిన థర్మోకోలు పెట్టెలు పగిలినవి అడుగువాడు లేక పడియుండును. పాత హీటరు చుట్టలోని తీగను వెదురుబద్దకు విల్లువలె బిగించి, బ్యాటరీ తగిలించి, వేడెక్కిన తీగను అట్టముక్క ఆకృతివెంట మెల్లగా నడిపినచో, ఆ థర్మోకోలు రెక్క ఆకారమున జున్నుముక్కవలె తెగును. మా తొలి విమానము అట్టి పెట్టెలనుండియే పుట్టినది. ఎన్నిమారులు కడిగినను దాని నీసువాసన వదలక, వరండాలో ఆరబెట్టినంతసేపు వీధిపిల్లులు దానిచుట్టు ప్రదక్షిణము చేసెడివి.

రెక్కలు అమరిన పిమ్మట వచ్చు పరీక్ష యొకటి కలదు. రెక్క వెడల్పులో ముందంచునుండి నాలుగవవంతునకును మూడవవంతునకును నడుమ, ఇరువైపుల రెండు చూపుడువ్రేళ్ళు ఆనించి విమానమును ఎత్తవలెను. ముక్కు కొంచెము క్రిందికి వంగెనా, అది ఎగురును. తోక వ్రాలెనా, ఎగురదు, లేక యెగిరి నిన్నవమానపరచును. అప్పుడు బ్యాటరీని పొట్టలో అంగుళము ముందుకు జరుపవలెను, మరల ఎత్తి చూడవలెను. గురుత్వకేంద్రమును గూర్చి నేను తరగతిగదిలో నల్లబల్ల నిండ బొమ్మలు వేసి ముప్పదేండ్లు బోధించితిని. ఎనిమిదవ తరగతి బాలుని వ్రేళ్ళకొనలమీద అది ఒక్క నిమిషమున బోధపడుట చూచినపుడు, ఆ ముప్పదేండ్ల సుద్దముక్కల మీద నాకు జాలి కలిగినది.

పూర్వము ఈ నమూనా విమానములకు మిథనాలుతో నడుచు చిన్న ఇంజనులుండెడివి. కందెనగా ఆ ఇంధనములో ఆముదము కలుపుదురు గనుక, విమానము తలమీదుగా పోయినపుడు దీపమారిన దేవుని గూటి వాసన వచ్చెడిది. ఇప్పుడు మూడరల లిథియం బ్యాటరీ, 11.1 వోల్టులది, అరచేతిలో ఇమిడిపోవు మోటారును త్రిప్పును. సంకేతములు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములపై పోవును. పూర్వమువలె ఇద్దరి తరంగములు ఢీకొని ఒకని విమానము వేరొకని మాట విను ప్రమాదము దాదాపు తొలగినది. సౌకర్యము పెరిగినది, వాసన పోయినది. నాకు వాసనయే బాగుండెననిపించును.

నడుపుట వేరొక విద్య. నీ చేతిలోని పెట్టెమీది మీటలు నీకు కుడియెడమలు, విమానమునకు కావు. అది నీనుండి దూరముగా పోవునంతవరకు నీ కుడి దాని కుడి. మలుపు తిరిగి నీవైపు వచ్చుచున్నపుడు నీ కుడి దాని యెడమ యగును. తొలి విమానములలో అధికభాగము ఆ మలుపు దగ్గరనే నేలపాలగును. దీనికి అనుభవజ్ఞులు చెప్పు మంత్రమొకటి యున్నది: ఎదురువచ్చు విమానమునకు ఏ రెక్క వాలినదో ఆ వైపునకే మీట నెట్టి, దానికి ఊతకర్ర పెట్టుచున్నట్లు భావింపవలెను. ఇంకను విపరీతమైన దేమనగా, వేగము తగ్గి విమానము క్రుంగునపుడు ముక్కు పైకెత్తవలెనని మనసు తొందరపెట్టును. ఎత్తినవాడు కూల్చుకొనును. ముక్కు దించి, వేగము రాబట్టి, ఆపైన ఎత్తినవాడు దక్కించుకొనును.

నేనును తొందరపడినవాడనే. దాళ్వా కోతలైన వెనుక ఒక సాయంకాలము, ఎండిన మోళ్ళమీద మోకరిల్లి విమానమును విసరితిని. పైరగాలి లేచు వేళ యని తెలిసియు, పక్కనే చేపలచెరువు లున్నవని తెలిసియు విసరితిని. గాలి దానిని చెరువుమీదికి కొనిపోయినది. మలుపు తిప్పితిని, ఎదురు వచ్చుచుండగా కుడియెడమలు మరచితిని. చెరువు నడుమ చప్పుడైనది. కొంతసేపటికి కాపలావాడు తాటిదోనెలో గెడ వేసికొనుచు వచ్చి, నీరోడుచున్న రెక్కను ఎత్తి చూపి, "మాస్టారండీ, ఇది మీదేనాండి? గూడబాతనుకుని టపాసు కాల్చబోయానండి బాబూ!" అనెను. మోటారు ఎండిన వెనుక బాగుగనే తిరిగినది. బ్యాటరీ మాత్రము ఉబ్బి పనికిరాకపోయినది.

ఆ మాటయే తరువాతి చిక్కునకు మొదలు. కాపలావాని నోట విని, ఆ చెరువు ఆసామి వారము తిరుగకుండ మా యింటికి వచ్చి, ఆ విమానమును దినమునకు రెండుమారులు చెరువుపై త్రిప్పినచో పక్షులు బెదరి పోవును గదా, నెలకింత యిత్తునని బేరము పెట్టెను. ఆయన ఆలోచన వెర్రిది కాదు. విదేశములలో విమానాశ్రయములయొద్ద గద్దరూపపు యంత్రములతో పక్షులను తోలుచున్నారు. చేపపిల్ల ఖరీదు తెలిసినవాని బాధయు నాకు తెలియును. అయినను నేనొప్పలేదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో చిత్తడినేలల రాంసర్ ఒడంబడిక జాబితా కెక్కిన కొల్లేటి సరస్సునకు, 308 చదరపు కిలోమీటరుల ఆ నీటిపట్టునకు మనము చేసిన ఉపకారమెంతయో 2006లో సరస్సులో వెలసిన చేపలచెరువుల గట్లు పగులగొట్టవలసి వచ్చినపుడే బయటపడినది. ఆటపాకలో ఇనుపమంచెలమీద గూళ్ళు కట్టుకొన్న గూడబాతులకు, అడవిచెట్లు మిగల్పని మనము ఆకాశమునైనను మిగల్పవలదా? కనుక విమానములను ప్రేమించు నేనే చెప్పుచున్నాను: కొల్లేటి మీద వీటిని ఎగురనీయరాదు. ఎగురవేయ దలచినవానికి వేరొక చోటు చూపవలెను. చోటు చూపక కాదనుట న్యాయము గాదు, రన్‌వేను నేనడుగుటకు ఇదియు నొక కారణము.

మా రాష్ట్రమునకు ఆకాశయంత్రముల మీద ప్రీతి లేకపోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు డ్రోనులు మేడలమీదివారికి ఆహారపు పొట్లములందించినవి. ఆ బుడమేటి నీరే తరువాత మా కొల్లేటికి వచ్చినది. మరునెల అమరావతి డ్రోన్ సదస్సు సందర్భమున కృష్ణ యొడ్డున 5,500 డ్రోనులు ఒక్కపెట్టున వెలిగి గిన్నిసు రికార్డులు తెచ్చినవి. నేనును టీవీలో చూచి ముచ్చటపడితిని. కాని డ్రోను మీట వదలినచో గాలిలో నిలుచుండిపోవును, లోపలి యంత్రగణకము దాని తూకమును క్షణక్షణము తానే దిద్దుకొనును. నడుపువాడు గాలిని గూర్చి ఏమియు నేర్వకున్నను అది క్షమించును. రెక్కల విమానము క్షమింపదు. కొన్న డ్రోనుతో మొదలిడిన బాలుడు కొనుగోలుదారుడగును. పగిలిన రెక్కకు టేపు చుట్టుచు మొదలిడినవాడు, ఎందుకు పగిలినదో అడుగుచు ఇంజనీరగుటకు అవకాశమున్నది. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసిన ఊరిలో ఈ భేదమును నేను విప్పి చెప్పవలసి యుండరాదు.

చట్టము కూడ ఈ విషయమున మనము తలచినంత కఠినము కాదు. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమములు, 25 కిలోలకు మించక, విద్యకు, పరిశోధనకు, వినోదమునకు కంటిచూపుమేరలో నడుపు నమూనా విమానములను ప్రత్యేకముగా నిర్వచించి, వాటికి రకపు ధ్రువపత్రము (టైప్ సర్టిఫికెట్) అక్కరలేదనినవి. ఆకుపచ్చ మండలమున 400 అడుగుల వరకు ఎగురవచ్చును. ఏ చోటు ఏ మండలమో ప్రభుత్వమువారి డిజిటల్ స్కై పటమున చూచుకొనవలెను. మాకు కావలసినది ఎగిరించు పిల్లలను, నిలుచు జనమును వేరుచేయు ఒక తాడు, ఒక ప్రథమచికిత్స పెట్టె, ఆ మూడు గంటలు కారులు అటు రాకుండ చూచు ఒక మనిషి. అంతకుమించి ఖర్చు లేదు.

ఈ మాటలే అర్జీగా వ్రాసి ఒక కార్యాలయమునకు తీసికొనిపోతిని. గుమాస్తా మర్యాదస్థుడు, కుర్చీ వేసి కూర్చుండబెట్టి శ్రద్ధగా చదివెను. చదివి, ముందున్న పుస్తకమును తెరచి, "ఇది క్రీడల కిందకి వస్తుందాండీ, ఎయిర్‌పోర్టు కిందకి వస్తుందాండీ?" అని అడిగెను. రెండును గాదు, చదువు క్రిందికి వచ్చునని నేనంటిని. ఆయన చాలసేపు గడులన్నియు వ్రేలితో వెదకి, చివరకు 'ఇతరములు' అను గడిలో సంఖ్య వేసి, రసీదు చించి నా చేతిలో పెట్టెను.