కరుణయా? కోపమా?

2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు సమీపమున, తొండుపల్లి టోలుగేటు వద్ద, ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరమును మంఖాల్ మొదలగు పరిసర గ్రామములవారే కాదు, దేశప్రజలెవ్వరును మఱువలేదు. నాడు జనులు కార్చిన కన్నీరు సత్యమైనదే. కాని సామాజిక మాధ్యమములలో ఆ కరుణ ఏ రూపము దాల్చెనో విచారింపవలసియున్నది.

సంతాపము పేరిట మృతురాలి పేరును, చిత్రమును అసంఖ్యాకులు పంచిరి. అట్టి బాధితుల గుర్తింపును వెల్లడించుట నాటి శిక్షాస్మృతి 228-ఏ విభాగము ప్రకారము నేరము. తుదకు ఆమెను ‘దిశ’ యని పేర్కొనుడని పోలీసులే కోరవలసివచ్చినది. నిందితులు నలుగురుండగా ఒక్కని మతమునే ఎత్తిచూపి ద్వేషమును రగిల్చినవారును గలరు. డిసెంబరు 6న ఆ నలుగురును చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో మరణింపగా అభినందనలు వెల్లువెత్తెను. ఆ కాల్పులు చంపు ఉద్దేశముతోనే జరిగినవని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ సంఘము తేల్చినట్లు 2022 మే నెలలో వెల్లడియైనది.

కరుణతో మొదలైనది కసిగా మాఱుటకు కారణమేమి? ఒకరి మాట వేఱొకరి మనస్సున కంటుకొనును. 2012లో ఫేస్‌బుక్ సంస్థ 6,89,003 మందికి తెలియకుండనే వారిపై ఒక పరీక్ష జరిపినది. సంతోషవాక్యములు తక్కువగా కనబడినవారు తామును సంతోషపు మాటలు తక్కువగా, విచారపు మాటలు ఎక్కువగా వ్రాసిరి. ఆ తేడా మిక్కిలి స్వల్పమే. పరీక్షింపబడినవారి సమ్మతి లేకపోవుట ఆక్షేపణీయమే. అయినను కోట్లమంది చదువు చోట స్వల్పమును ఉపేక్షింపరాదు.

ఈ సాధనమే 2021లో ప్రాణదాత యైనది. కోవిడ్ రెండవ విజృంభణమున ఒకరు ఆక్సిజను సిలిండరు కొఱకు మొఱపెట్టగా, ముఖపరిచయము లేనివారు చిరునామా చెప్పి, బండి కట్టి పంపిరి. అట్లు సహాయము కోరినవారిని వేధింపరాదని ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రభుత్వములను హెచ్చరించినది. ఇచట కరుణకు ఒక గమ్యము గలదు: అడిగినవాని భారము తగ్గెను, ఇచ్చినవాని మనస్సు కుదుటపడెను. 2019 నాటి ఆగ్రహము మృతురాలి తల్లిదండ్రుల దుఃఖమును రవంతయు తగ్గింపలేదు. వ్రాసినవారికిని శాంతి నీయలేదు.

కావున మృదువుగా మాటలాడుట మాత్రమే దయ కాదు. పంచుటకు ముందు ‘దీనివలన బాధితునకు మేలు గలదా?’ యని ప్రశ్నించుకొనుటయు దయయే. గ్రామపు వాట్సాప్ గ్రూపులలో పెద్దలైనవారు మొదట తామీ నియమమును పాటింతురుగాక! పిన్నలు వారిని చూచియే నేర్తురు.